నిద్రమాత్రకు చీటీ యేల?

(మన సంఘపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



గనులు నడచిన దినములలో మన పెద్దలు రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, పిల్లల అల్లరి నడుమ పట్టపగలు నిద్రించెడివారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. షిఫ్టులు పోయినవి గాని నిద్రలేమి పోలేదు. వేకువనే మారికుప్పములో బండి నెక్కి బెంగుళూరు పోవు యువకులకును, బిడ్డలు దూరమున నుండగా ఒంటిగా నున్న వృద్ధులకును అది కలదు.

మా పెద్దమ్మకు భర్త పోయినప్పుడు ఒక వైద్యుడు పది దినములకు నిద్రమాత్రలు వ్రాసి యిచ్చెను. ఆ చీటీ ఆరేండ్లు చెల్లెను. అంగడివారు దానిని చదువుటయే మానిరి. మేమును "పాపము, నిద్రపోనిండు" అని ఊరకుంటిమి. ఒక రాత్రి ఆమె మత్తులో లేచి, గడపకడ పడి, తుంటి యెముక విరుగగొట్టుకొన్నది. మరల నడువలేదు.

1945 నాటి ఔషధ నియమముల ప్రకారము, మరల ఇయ్యవచ్చునని వైద్యుడు వ్రాయనిదే ఒక చీటీపై రెండవసారి మందు ఇయ్యరాదు. 2014 మార్చి 1 నుండి అల్ప్రాజోలాం, డయజిపాం, నైట్రజిపాం, జోల్పిడెం మొదలగునవి హెచ్-1 జాబితాలో నున్నవి. వీనిని అమ్మువారు వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, పరిమాణము ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను.

"ప్రతిసారి వైద్యునికి రుసుము చెల్లించుట పేదలకు భారము కాదా?" అని కొందరందురు. భారమే. కాని ఈ మాత్రలు కొన్ని వారములలోనే అలవాటగును. రెండు మొదలు నాలుగు వారములకు మించి వాడరాదని బ్రిటనులోని ఔషధ భద్రతా సంఘము 1988లోనే చెప్పెను. గనిధూళిచే ఊపిరితిత్తులు చెడినవారికిని, సారాయి త్రాగువారికిని వీనివలన శ్వాసయే మందగింపవచ్చును.

అట్లని ఒక్కసారిగా మానుటయు అపాయమే. 2015లో నిజామాబాదు ప్రాంతమున కల్తీ కల్లు నిలిచిపోగా, అందులో కలిపిన ఇట్టి మందులకు అలవాటుపడినవారు మూర్ఛలతో, మతిభ్రమతో ఆసుపత్రులు చేరిరి. కావున అంగడిని కట్టడి చేసిన చాలదు. మెల్లమెల్లగా మాత్ర తగ్గించు వైద్యుడును, తోడుండు కుటుంబమును కావలెను.

నేడు ఇంటికి పోయి పెద్దల మందుల పెట్టె తెరచి, చీటీపై తేదీ చూడుడు. పాతదైనచో మాత్రలు లాగి పారవేయకుడు. వారిని వెంటబెట్టుకొని వైద్యుని కడకు పొండు. ఇంతియే నా మనవి. సెలవు.