కొత్త యాప్ వచ్చింది సరే, గూడేనికి ఏం వచ్చింది?



మన యువత చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం కొన్ని ఊర్లలో ఇంకా గుట్ట ఎక్కాల్సి వస్తున్నా, రోజుకో కొత్త యాప్ మాత్రం దిగుతూనే ఉంది. వాడి చూడండి, నేను వద్దనను. కానీ ప్రతి యాప్‌నూ ఒక ప్రశ్న అడగండి: నువ్వు మా గ్రామసభకు ఏం బలం ఇస్తావు?

పోడు భూమి సంగతే తీసుకుందాం. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచి మన సాగులో ఉన్న భూమికి హక్కు అడగొచ్చు. "శాటిలైట్ బొమ్మలో నీ చేను కనిపించలేదు" అని ఎవరైనా దరఖాస్తు పక్కన పెడితే తల దించుకుని రావద్దు. 2012లో సవరించిన నియమాల్లో స్పష్టంగా ఉంది: శాటిలైట్ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. మరి మిగతా ఆధారాలేంటి? పెద్దల వాంగ్మూలం, బావి, గుడిసె, గట్టు, శ్మశానం, దేవుడి స్థలం. ఇవన్నీ మన ఊర్లోనే ఉన్నాయి. వాటిని రికార్డు చేయడానికి ఫోన్ పనికొస్తుంది.

ఎట్లా అంటారా? ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్‌ఎమ్‌అండ్ లాంటి యాప్‌లలో మీ జిల్లా మ్యాప్ ముందే దించి పెట్టుకోండి. జీపీఎస్‌కు టవర్ అవసరం లేదు, అడవిలోనూ పనిచేస్తుంది. ఊరి పెద్దను ముందు నడవమనండి, మీరు వెనక నడుస్తూ హద్దు రికార్డు చేయండి. కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఫోటో తీయండి. ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే లొకేషన్ వివరాలు పోతాయి. అందుకే డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫైలు దాచండి. పెద్దలు చెప్పింది వాయిస్ రికార్డు చేస్తే సరిపోదు. నియమం అడిగేది రాతలో ఉన్న వాంగ్మూలం. విని రాయండి, చదివి వినిపించండి, సంతకమో వేలిముద్రో తీసుకోండి.

ఇంకో మాట, మన భాష గురించి. ఫోన్ కీబోర్డులో కనిపించనంత మాత్రాన గోండికి లిపి లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. మసరాం గోండి లిపి 2017లో, మన ఆదిలాబాద్ గుంజాల పేరు మీదున్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. ఫాంట్లు ఉన్నాయి, దించుకుని రాయండి. చదువు రాని అవ్వ సంగతేంటి? పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో మామూలు ఫోన్ నుంచే కాల్ చేసి గోండిలో తమ సమస్య చెప్పుకున్నారు. పనిముట్టు మనిషికి తగ్గట్టు ఉండాలి గానీ, మనిషి పనిముట్టుకు తగ్గట్టు మారడం కాదు.

ఇక జాగ్రత్తలు. ఆధార్ నంబరు ఉన్న దరఖాస్తు గ్రూపులో పెట్టొద్దు. మందు మొక్క ఎక్కడ దొరుకుతుందో, దేవర స్థలం ఎక్కడుందో లొకేషన్‌తో పోస్టు చేయొద్దు. అవి ఊరివి, ఊరిని అడగకుండా పంచే హక్కు మనకు లేదు. ధర్నా లైవ్ పెట్టే ముందు అందులో ఎవరి మొహాలు పడుతున్నాయో చూడండి. రేపు ఇబ్బంది పడేది వాళ్లు. అటవీ హక్కుల కమిటీలో మూడో వంతు తగ్గకుండా మహిళలు ఉండాలని నియమం. మరి మీ గ్రూపు అడ్మిన్లలో అక్కలు ఎంతమంది?

ఒక్కరి ఫోన్‌లోనే అంతా ఉంచితే ఆ ఫోన్ నీళ్లలో పడిన రోజు ఊరి ఆధారం పోయినట్టే. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒక కాపీ కాగితం మీద కమిటీ దగ్గర ఉండాలి.

ఈ నెలలో ఒక్క పని చేయండి. మీ గూడెంలో హక్కు పత్రం రాని ఒక్క కుటుంబం చేను హద్దు నడిచి, ఫోటోలు తీసి, ఇద్దరు పెద్దల మాట రాసి గ్రామసభ ముందు పెట్టండి. దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి. పోస్టుకు ఎన్ని లైకులు వచ్చినా రెండు రోజుల్లో కిందికి పోతుంది. గ్రామసభ తీర్మానాల పుస్తకంలో ఎక్కింది మన పిల్లల దాకా ఉంటుంది.

జోహార్!