నోటు అంటే గుర్తు

కొంగుముడి విప్పి ఒక పది రూపాయల నోటు బయటికి తీయండి. గాంధీగారి బొమ్మ లేని వైపుకు తిప్పండి. ఒక పక్కగా చిన్న చిన్న అక్షరాలు వరుసలుగా ఉన్నాయి కదా. అవి పదిహేను భాషలు. కింద నుంచి రెండో వరుస చదవండి. "పది రూపాయలు". కూడబలుక్కుని చదివినా ఫరవాలేదు. ఇన్నాళ్లూ రంగు చూసి, బొమ్మ చూసి పోల్చుకున్న నోటే ఇది. దాని మీద మన తెలుగు ముందు నుంచీ ఉంది.

ఇంతకీ ఈ నోటు అనే మాట ఎక్కడిది? మన "నోటి మాట"లో ఉన్న నోరు కాదు. ఇది ఇంగ్లీషు మాట. ఇంగ్లీషు వాళ్లకు లాటిన్ అనే పాత భాష నుంచి వచ్చింది. లాటిన్‌లో "నోటా" అంటే గుర్తు. మన ఊళ్లలో నిశానీ అంటామే, అదే. (ఓటు మిషను మీద 2013 నుంచి కనిపిస్తున్న నోటా వేరు. అది నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి చేసిన పేరు.)

గుర్తు పెట్టుకోవడానికి రాసుకునేది నోటు పుస్తకం. పడమటి దేశాల సంగీతంలో పాట స్వరాలకు వేసే గుర్తులూ నోట్లే. కోర్టు దగ్గర కాగితాల మీద ముద్ర వేసే నోటరీ కూడా ఈ ఇంటి మాటే.

మరి డబ్బు నోటు ఎలా అయింది? 1600ల్లో లండన్‌లో జనం తమ బంగారాన్ని కంసాలుల దగ్గర దాచుకునేవారు. కంసాలి ఒక చీటీ రాసిచ్చేవాడు. చీటీ తెస్తే బంగారం ఇస్తానని దాని అర్థం. రానురాను జనం బంగారం మోయడం మాని ఆ చీటీలనే చేతులు మార్చుకున్నారు. 1694లో పెట్టిన ఇంగ్లాండు బ్యాంకు కూడా అలాంటి నోట్లే ఇచ్చింది. మన పది రూపాయల నోటు మీద ఈనాటికీ ఆ మాట ఉంది. తెచ్చినవారికి పది రూపాయలు చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం చేసి మాట ఇస్తాడు.

డబ్బు నోటు మీద మాట ఇచ్చేది గవర్నరు. ప్రోనోటు మీద మాట ఇచ్చేది అప్పు తీసుకున్న మనిషి. మన ఆడవాళ్లకు అసలు చిక్కంతా ఇక్కడే.

ఒక తల్లి కూతురి పురుటికి ఐదు వేలు అప్పు తెచ్చింది అనుకోండి. తొందరలో స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద నిశానీ వేసింది. ఇక ఐదు పక్కన సున్నాలు మూడుంటాయో నాలుగుంటాయో రాసేవాడి చేతిలో ఉంది. అలా ఇస్తే, నింపుకోమని ఆమే ఒప్పుకున్నట్టు 1881 నాటి చట్టం చూస్తుంది. వేలిముద్ర అయినా, సంతకం అయినా ఒకటే. కాబట్టి సంతకం నేర్చుకున్నంత మాత్రాన సరిపోదు. అంకె, అక్షరాల్లో రాసిన మొత్తం, వడ్డీ, తేదీ, ఈ నాలుగూ వేలుపెట్టి చదివాకే సంతకం. ఎదుటి మనిషి విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

కొంత తీర్చినప్పుడు నోటు వెనక చెల్లు రాయించాలి. రాయకపోతే రేపు ఇవ్వలేదంటారు. ఇంకో సంగతి. అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటు మీద, రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు కోర్టుకు వెళ్లాలి. గడువులోగా చెల్లు రాసి సంతకం పెడితే, చెల్లు కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అందుకే చెల్లు కింద వేసిన తేదీ కూడా చదవాలి.

అప్పు పూర్తిగా తీరిన రోజున నోటు వెనక్కి తీసుకోవాలి. "పెట్టె తాళం కనిపించడం లేదమ్మా, నోటు రేపిస్తాలే" అంటారు కొందరు. "అయితే డబ్బు కూడా రేపే తెస్తా లెండి" అని నవ్వుతూ లేచి రావచ్చు.