పెద్దవాళ్ల మంచం పక్కన మీరుంటే...

(ఉద్యోగులు, పింఛనుదారుల కుటుంబాల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన కార్యక్రమంలో ఒక వైద్యురాలి ప్రసంగ పాఠం)



మీలో చాలామంది ఆసుపత్రిలో అమ్మకో, నాన్నకో, అత్తమామలకో తోడుగా పడుకునే ఉంటారు. రోజూ అలాంటి వార్డులో తిరిగే డాక్టరుగా ఈరోజు మీతో ఒక్క విషయమే మాట్లాడతాను. అది సెప్సిస్.

ఊపిరితిత్తుల్లోనో, మూత్రంలోనో, పుండులోనో ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. దానితో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకుంటుంది. అదే సెప్సిస్. 2017లో ప్రపంచమంతటా సుమారు 4 కోట్ల 90 లక్షల మందికి ఇది వచ్చిందనీ, కోటీ 10 లక్షల మంది చనిపోయారనీ అంచనా.

"జ్వరం లేదుగా, పర్వాలేదు" అంటుంటారు. పెద్దవయసులో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరవచ్చు. ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడటమూ ప్రమాద సూచనే. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి వేగం కూడా పెరగకపోవచ్చు.

మరి ఏం చూడాలి?

మొదటిది, మనిషి తీరు. కొత్తగా మగత, తికమక మాటలు, మనుషుల్ని పోల్చుకోలేకపోవడం కనిపిస్తే "వయసు కదా" అని సరిపెట్టుకోకండి.

రెండోది, ఊపిరి. గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు. 22, ఆపైన ఉంటే చెప్పాలి.

మూడోది, బీపీ. పై అంకె 100కి దిగితే ప్రమాదం. రోజూ 150 ఉండే మనిషికి 110 కూడా బాగా తగ్గినట్టే. పాత నిల్వ తెలియకపోతే ఖాతాలో ఎంత తగ్గిందో మీరు మాత్రం చెప్పగలరా? అందుకే చేర్చేటప్పుడే రోజూ ఉండే బీపీ, వాడే మందులు, మామూలుగా ఎలా ఉంటారో రాసి ఇవ్వండి.

నాలుగోది, మూత్రం. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కంటే తగ్గితే గమనించాలి.

షుగరు, కిడ్నీ జబ్బు, స్టెరాయిడ్లు, ఈమధ్యే ఆపరేషన్, మూత్రపు గొట్టం, పడక పుండ్లు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. "ఈ గొట్టం ఇంకా అవసరమా?" అని రోజూ అడగండి.

తుంటి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ కోడలు ఓ తెల్లవారుజామున నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మా అత్తయ్య ఇవాళ కాఫీ అడగలేదు" అంది. జ్వరం లేదు. ఊపిరి లెక్కపెడితే 28. మూత్రంలో ఇన్ఫెక్షన్. వెంటనే వైద్యం మొదలుపెట్టాం, ఆవిడ కోలుకుని ఇంటికి వెళ్లారు. మా మానిటర్లకు ఆ కాఫీ సంగతి తెలియదు, ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది.

చెప్పేటప్పుడు "బాగోలేరు" అంటే చాలదు. "6 గంటలకు బాగా మాట్లాడారు, 9 నుంచి మగతగా ఉన్నారు, ఊపిరి 26. సెప్సిస్ ఏమో చూస్తారా?" అని సిస్టరును అడగండి. బీపీ పడిపోయి షాక్‌లోకి వెళితే గంటలోపే యాంటీబయాటిక్ పడాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి పొద్దుటి రౌండ్ల దాకా ఆగకండి. మీ సంచిలోని యాంటీబయాటిక్ మాత్ర మాత్రం వేయకండి. రక్త పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు.

రాత్రి రెండు గంటలకు నిద్ర లేపారని డ్యూటీ డాక్టరు విసుక్కున్నా ఫర్వాలేదు. మొహమాటపడకండి. మీ పెద్దవాళ్ల తరఫున అడగాల్సింది మీరే.