మిద్దె మీది చెట్లు, అరచేతిలో కంప్యూటరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా సాంకేతిక విషయం మీద పావుగంట మాట్లాడమని సంఘం మిత్రులు అడిగారు. ఉద్యోగంలో చేసిన పెద్ద పనుల గురించి చెబుతానని వాళ్లు అనుకుని ఉంటారు. నేను మాత్రం ఇక్కడికి నాలుగు గల్లీల అవతల, మా అమ్మ ఉండే ఇంటి మిద్దె మీద 40 కుండీలకు నీళ్లు పట్టిన సంగతి చెబుతాను. ఆ పనిలో మూడు తప్పులు చేశాను. వాటి గురించి చెప్పడానికే ఈ అంశం ఎంచుకున్నాను.

అమ్మకు ఎనభై దాటింది. మోకాళ్ల నొప్పులు. అయినా తెల్లారకముందే బకెట్ పట్టుకుని మెట్లెక్కుతుంది. మల్లె, మందారం, కరివేపాకు, తులసి, పుదీన, రెండు టమాటా మొక్కలు. ఒకరోజు తడి మెట్ల మీద కాలు జారింది. దేవుడి దయ, ఎముక విరగలేదు. ఆ ఆదివారమే నేను చిన్న కంప్యూటరు ఒకటి కొన్నాను.

దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని ఇంగ్లండులో కొందరు తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. బ్యాంకు కార్డంత ఉంటుంది. 2016లో వచ్చిన మూడో రకం నుంచి వైఫై అందులోనే ఉంది. దాని అంచున 40 చిన్న పిన్నులుంటాయి. వాటిలో కొన్నింటిని మనం రాసిన ప్రోగ్రాముతో ఆన్, ఆఫ్ చేయవచ్చు. పిన్ను ఇచ్చేది 3.3 వోల్టులు, అదీ కొద్ది మిల్లీ ఆంపియర్లు మాత్రమే. దానితో వాల్వు తిరగదు. అందుకే మధ్యలో రిలే పెడతాం. మన బడిలో హెడ్‌మాస్టరుగారు సైగ చేస్తే అటెండరు పోయి గంట కొట్టేవాడు గుర్తుందా? కంప్యూటరు హెడ్‌మాస్టరు, రిలే అటెండరు. సైగ చిన్నది, గంట పెద్దది.

ఇలాంటి పనికి ఓపెన్‌స్ప్రింక్లర్ అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. ఫోనులోనే వేళలు పెట్టుకోవచ్చు, వాతావరణాన్ని బట్టి నీళ్లు తగ్గించుకోవచ్చు. నాకు మాత్రం సొంతంగా రాయాలనిపించింది. ఇంజనీర్లకు ఉండే జబ్బు అది.

ఇక మొదటి తప్పు. వీడియోల్లో పచ్చిక మీద గిర్రున తిరిగే స్ప్రింక్లర్లు చూసి నాలుగు కొన్నాను. తిరగలేదు. కారణం ఎనిమిదో తరగతి పాఠమే. 10 మీటర్ల ఎత్తు నీటి స్తంభం ఇచ్చే పీడనం దాదాపు 1 బార్. మా ట్యాంకు కుండీలకంటే 2 మీటర్ల ఎత్తున ఉంది, అంటే 0.2 బార్. స్ప్రింక్లరు సరిగ్గా తిరగాలంటే 1 బారైనా కావాలి. తోటలకు వాడే మామూలు సోలినాయిడ్ వాల్వులకూ అదే చిక్కు. లోపలి పొరను ఎత్తేది నీటి ఒత్తిడే, కాబట్టి ఒత్తిడి చాలకపోతే కరెంటు ఇచ్చినా అవి పూర్తిగా తెరుచుకోవు. స్ప్రింక్లర్లు తీసేసి డ్రిప్పు పైపులు వేశాను. సోలినాయిడ్ బదులు చిన్న మోటారుతో తిరిగే బాల్ వాల్వు పెట్టాను. దానికి ఒత్తిడితో పనిలేదు.

రెండో తప్పు గడియారం. నేను కొన్న రకంలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. టైము ఎంతో ఇంటర్నెట్‌ను అడిగి తెలుసుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ అందకపోతే, ఆగిపోయిన టైము నుంచే లెక్క మొదలుపెడుతుంది. మా ఇంటివి పాతకాలపు సున్నపు గోడలు, మూరెడు మందం. కింది రూటరు సిగ్నల్ మిద్దెకు సరిగా అందదు. అలా మే నెలలో ఒకరోజు, పొద్దున 6 గంటలకు పోయాల్సిన నీళ్లు మిట్టమధ్యాహ్నం పోసింది. ఎండకు పైపులో కాగిన నీళ్లు పుదీన మొదట్లో పడ్డాయి. మరుసటి రోజే గుండీ బ్యాటరీతో నడిచే గడియారం ముక్క తెచ్చి తగిలించాను. కొన్ని వందల రూపాయల వస్తువు. మొదటే పెట్టాల్సింది.

మూడో తప్పు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. బాల్ వాల్వు కరెంటు ఉంటేనే తిరుగుతుంది. తెరిచి ఉన్నప్పుడు కరెంటు పోతే తెరిచే ఉండిపోతుంది. ఒక సాయంత్రం సరిగ్గా అలాగే అయింది. కరెంటు వచ్చాక కంప్యూటరు మళ్లీ లేచింది గానీ, వాల్వు తెరిచి ఉందని దానికి తెలియదు. లేవగానే ముందు వాల్వు మూయాలన్న ఒక్క వరస నేను రాయలేదు. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. మా దగ్గర నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. కింద అద్దెకున్న కుటుంబానికీ ఆ ట్యాంకే ఆధారం. వాళ్లింట్లో నెలల పాప ఉంది.

అమ్మ ఫోను చేసి కోప్పడలేదు. "నీళ్లన్నీ వొయ్యినయ్ బిడ్డా. నల్లా రేపుగాని రాదు. పక్కింటోళ్లు నాలుగు బిందెలిచ్చిన్రు" అంది, అంతే. నేను ఆఫీసులో కూర్చుని ఫోను వైపు చూస్తే, తెర మీద అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తోంది.

ఆ రాత్రి నాకు విశ్వేశ్వరయ్యగారు గుర్తొచ్చారు. మన పురానాపూల్ వంతెన 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టినది. దాని కింద పారే మూసీకి 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద ఈ నగరాన్ని ముంచేసింది. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలుపుమీద విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. ఆ తర్వాతే పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి. ఆయన ఇక్కడికి రాకముందే, 1903లో, పుణె దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి తాను రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టించారు. నీటి మట్టం హద్దు దాటితే అవి తమంతట తామే తెరుచుకునేవి. కరెంటు లేదు, ప్రోగ్రాము లేదు, గేటు తిప్పే మనిషి లేడు. నీటి బలమే ఆ పని చేసేది. అంటే ప్రమాదాన్ని ఆపే బాధ్యతను ఆయన యంత్రం తెలివికి వదల్లేదు, నీటి స్వభావానికే అప్పగించారు. మన సంపులో ఉండే బంతి వాల్వు చేసేదీ ఇంచుమించు అలాంటి పనే.

నేను చేసిన మార్పు చిన్నది. ప్రోగ్రాము సరిచేశాను. కరెంటు పోతే తనంతట తాను మూసుకునే వాల్వు తెచ్చాను. అన్నిటికంటే ముఖ్యం, చెట్ల పైపును ట్యాంకు నుంచి పూర్తిగా విడదీశాను. మీటరు ఎత్తు స్టాండు మీద 200 లీటర్ల నీలం డ్రమ్ము పెట్టి, పైపు దానికి కలిపాను. నిండితే 200 కిలోల పైమాటే కాబట్టి కింద గోడ ఉన్న చోటే నిలబెట్టాం. ఇప్పుడు నా ప్రోగ్రాము ఎంత పిచ్చిగా నడిచినా పోయేవి ఆ డ్రమ్ములోని నీళ్లే. పాప స్నానం నీళ్ల జోలికి అది పోలేదు.

లెక్క కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. గంటకు 4 లీటర్లని రాసి ఉండే డ్రిప్పరు 1 బార్ దగ్గర ఇచ్చే లెక్క అది. మీటరు ఎత్తు నుంచి వస్తే అందులో మూడో వంతే, ఒకటింబావు లీటరు దాకా ఇస్తుంది. కుండీకి అర లీటరు చాలనుకుంటే 25 నిమిషాలు. డ్రమ్ము నిండుగా ఉంటే కొంచెం ఎక్కువ వస్తుంది, కాబట్టి లెక్కను నమ్మకుండా సీసా పెట్టి కొలవండి. ఎండాకాలం రెండు పూటలూ పోస్తే రోజుకు 40 లీటర్లు. డ్రమ్ము అయిదు రోజులు వస్తుంది.

ఆ డ్రమ్మును మాత్రం మనిషే నింపాలి. కావాలనే అలా ఉంచాను. నల్లా వచ్చిన రోజు అమ్మ నెమ్మదిగా, ఖాళీ చేతులతో పైకెక్కి నల్లా తిప్పుతుంది. డ్రమ్ము నిండేదాకా పిట్టగోడ దగ్గర నిలబడి పక్కింటావిడతో మాట్లాడుతుంది. మొదట్లో అన్నీ ఆటోమేటిక్ చేసినప్పుడు ఆ మాటలు కూడా ఆగిపోయాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. "నీ మిషిను నీళ్లయితె పోస్తది. ఆకుకు పురుగు వడితే సూస్తదా?" అని అడిగింది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

చివరగా ఒక్క మాట. ముందు వరుసలో మా సైన్స్ సార్ కూర్చున్నారు. సార్, ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో బడి మొక్కలకు నీళ్లు పోసే వంతు నాది. పది రోజులు క్రికెట్ ఆడుతూ మర్చిపోయాను. బడి తెరిచేసరికి మీరు నాటిన జామ మొక్క ఎండిపోయింది. మీరు కొట్టలేదు. ఆ ఎండిన కుండీని దసరా దాకా మా తరగతి కిటికీలో ఉంచారు. ఈ మూడు తప్పులకంటే ముందు నేను చేసిన తప్పు అదే.

మొన్న బడి అంతా తిరిగి చూశాను. ఏప్రిల్ చివర మొదలై జూన్ దాకా సాగే సెలవుల్లో మొక్కలు ఇప్పటికీ ఎండుతున్నాయట. అందుకే సంఘానికి ఒక విన్నపం. సామాను నేను తెస్తాను. బిగించేది మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలే. పీడనం పాఠం, విద్యుత్తు పాఠం అక్కడే, డ్రమ్ము పక్కనే జరగాలి. సెలవుల్లో వారానికి ఒక్కసారి వచ్చి డ్రమ్ము నింపి, మొక్కలను కళ్లతో చూసి వెళ్లేందుకు మనలో ఎనిమిది మంది పేర్లు కావాలి. మొదటి వారం నాది. సార్, ఈసారి మర్చిపోను.