చేజిక్కినవాని ప్రాణము

(ఒక గ్రంథాలయ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



అల్లూరి సీతారామరాజును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మమ్ము కోరితిరి. ఆ వీరుని ప్రశస్తి తెలుగువారికి కొత్త కాదు. పాటగా, బుర్రకథగా, నాటకముగా, చలనచిత్రముగా మీరెల్లరు వినియు చూచియు ఉన్నారు. కావున దానిని మరల వల్లించి మీ కాలమును వ్యర్థము చేయము. రెండు లెక్కలను మాత్రము మీ ముందుంచెదము. ఒకటి తుపాకుల లెక్క. రెండవది ఒక ప్రాణము లెక్క. మొదటిది వ్రాతపూర్వకముగా నున్నది. రెండవది నూరేండ్లు గడచినను తేలలేదు.

మన్యమున పితూరీ ఊరక పుట్టలేదు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట, తాతముత్తాతల నాటి పోడు వ్యవసాయము నేరమయ్యెను. పశువుల మేత, వంటచెరకు, అడవి ఫలసాయము అన్నియు అధికారుల దయాధర్మముపై నాధారపడవలసి వచ్చెను. ముఠాదారుల పూర్వపు హక్కులు సన్నగిల్లెను. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను కాలమున లంబసింగి దారి రోడ్డు పనులకు కొండవారిని తోలి, ఇయ్యవలసిన కూలి వారికి దక్కనీయలేదు. అడుగబోయినవారికి దెబ్బలే మిగిలినవి. గాము గంటము దొర, మల్లు దొర సోదరులు మొదలగువారు రామరాజు వెంట నిలుచుటకు ఇట్టి బాధలే కారణములు.

ఇక తుపాకుల మాట. 1857 పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము ఒక నీతిని అవలంబించెను. తెల్ల సైనికుని చేతికి కొత్త తుపాకి. భారతీయ సైనికుని చేతికి అంతకు ముందటి తరపు తుపాకి. సేనలకు పనికిరాక మిగిలిన స్నైడరు, మార్టినీ తుపాకులలో అనేకముల గొట్టములను నున్నగా తొలిపించి, గుండు దూరము పోకుండునట్లు చేసి, వానిని దేశమందలి పోలీసులకును జైలు కాపలావారికిని ఇచ్చుచుండిరి. తన పోలీసునే నమ్మని ప్రభుత్వము ప్రజను నమ్మునా? 1878 ఆయుధ చట్టము చేత లైసెన్సు లేని భారతీయుని చేత ఆయుధముండుటయే నేరమయ్యెను. ఠాణా గోడకు వ్రేలాడు పాత తుపాకి సేనకు మిగులు సరకే కావచ్చును. విల్లంబులు తప్ప లేని కొండవాని కన్నులకు మాత్రము దొరతనమంతయు అందులోనే ఉండెను.

1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై రామరాజు దండు పడెను. మూడు దినములలో మూడు ఠాణాలు. చేజిక్కినవి మొత్తము 26 తుపాకులు, రమారమి 2,500 తూటాలు. ఇంతవరకు చరిత్ర పుస్తకములన్నియు చెప్పును. మీరు గమనింపవలసిన సంగతులు రెండున్నవి. తీసికొనిపోయిన ఆయుధముల వివరములను రామరాజు ఠాణా పుస్తకములో వ్రాసి క్రింద సంతకము చేసెను. ఆ మూడు ఠాణాలలో తన చేజిక్కిన పోలీసులలో ఒక్కని ప్రాణమైనను తీయలేదు. వారు ఆయుధములు లేనివారు, తన చేత చిక్కినవారు. వారిని విడిచిపెట్టెను.

"అతడును చంపలేదా?" అని కొందరు అడుగుదురు. చంపెను. దాచిపెట్టుట మా పని కాదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఇరువురు ఆంగ్ల అధికారులు అతని దండు తుపాకులకు నేలకొరగిరి. ముందు నడచుచుండిన భారతీయ భటులను పోనిచ్చి, వెనుక వచ్చు దొరలపై కాల్చిరి. సాయుధములైన రెండు దండులు కొండదారిని తలపడిన పోరాటమది. అది ధర్మమా, అధర్మమా యని వాదింపవచ్చును. అహింసావ్రతులగు జాతీయవాదులు అనేకులు ఆనాడే అట్టి మార్గమును సమ్మతింపలేదు. గాంధీ మహాత్ముడు సయితము అతని సాయుధ మార్గమును ఒప్పుకొనకయే, 1929లో అతని ధైర్యత్యాగములకు నమస్కరించెను. పోరాటములో చంపుట వేరు, పట్టుబడినవానిని చంపుట వేరు. ఈ భేదమును మరువకుడని మా ప్రార్థన. నేటి మా ఉపన్యాసమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

పిమ్మట మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్సు దళములు మన్యమునకు దిగినవి. రామరాజు తలకు పదివేల రూపాయల వెల కట్టిరి. 1924లో రూథరుఫర్డు ప్రత్యేక కమీషనరుగా వచ్చి, గ్రామములపై ఒత్తిడి పెంచెను. 1924 మే 7న మంప వద్ద రామరాజు పట్టుబడెను. కొయ్యూరునకు కొనిపోయిరి. అక్కడ మేజరు గుడాల్ అధీనములో నుండగానే తుపాకి గుండునకు బలియయ్యెను. మరునాడు కృష్ణదేవిపేటలో దహనము చేసిరి. పారిపోబోగా కాల్చవలసి వచ్చెనని ప్రభుత్వము పలికెను. చెట్టునకు కట్టి కాల్చిరని మన్యము పలికెను.

నాటినుండి వాదము జరుగుచునే యున్నది. చనిపోయినవాడు రామరాజు కాడనియు, అతడు తప్పించుకొని సన్యాసియై తిరిగెననియు నమ్మినవారుండిరి. ప్రజలు తమ వీరుని మరణమును నమ్మజాలకపోవుట సహజమే. అయితే ఆ వాదముననే కాలము పుచ్చినచో ఎవరికి మేలు? అతడు బ్రతికియున్నాడనినచో చంపినవారిని అడుగవలసిన ప్రశ్నయే లేకుండ పోవును. మేము అడుగునది వేరు: చేజిక్కిన మనిషి ప్రాణమునకు లెక్క చెప్పవలసినవారెవరు?

"అతడు రాజుపై యుద్ధము ప్రకటించినవాడు, అతనికి న్యాయస్థానమెందుకు?" అని కొందరు వాదింతురు. మంచిది. అది యుద్ధమే యనుకొందము. ఆయుధము విడిచి చేజిక్కిన శత్రువును చంపరాదని 1907 నాటి హేగు నిబంధనలే నిషేధించినవి. ఆ నిబంధనలు రాజ్యములకు రాజ్యములకు నడుమ యుద్ధములకు వ్రాసినవని వెంటనే తప్పించుకొందురు. మంచిది. అది నేరమే యనుకొందము. నేరమునకు న్యాయస్థానమున్నది. పోలీసుల అధీనములో మనిషి మరణించినచో మెజిస్ట్రేటు విచారింపవలెనని వారి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే 176వ సెక్షనులో చెప్పుచున్నది. యుద్ధమన్నచో బందీకి రక్షణ కలదు, నేరమన్నచో ముద్దాయికి విచారణ కలదు. ఈ రెంటికిని నడుమ, పట్టుకొన్నవాని ఇష్టము చొప్పున కాల్చుటకు చోటు ఎక్కడ నున్నది? రామరాజును ఏ న్యాయాధిపతి యెదుటను నిలువబెట్టలేదు.

న్యాయస్థానము దొరకలేదందురా? అతని అనుచరులను అనేకులను విచారించి శిక్షించినవారు ఆ ప్రభుత్వమువారే కదా! గంటము దొర 1924 జూనులో కాల్పులలో మరణించెను. తమ్ముడు మల్లు దొర పట్టుబడి, విచారింపబడి, శిక్ష అనుభవించి తిరిగివచ్చెను. స్వతంత్ర భారతమున జరిగిన మొదటి ఎన్నికలలో, 1952లో, విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. నిన్నటి పితూరీదారు నేటి శాసనకర్త! చేజిక్కినవాని ప్రాణము నిలిపినచో ఏమగునో చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

మనకు ఈ ధర్మము హేగు నగరమునుండి రావలసిన పని లేదు. ఉపపాండవులను నిద్రలో చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు, విడిచిపెట్టుమని పలికినది బిడ్డలను పోగొట్టుకొన్న ద్రౌపదియే. భాగవతము చదివిన ప్రతి తెలుగు ఇంటికిని తెలిసిన కథ యిది.

ఈ కొలతబద్ద ఒక పక్షమునకే యని తలపవలదు. 2022 ఏప్రిలు 4న రామరాజు పేరనే జిల్లా ఏర్పడినది. పాడేరు దానికి కేంద్రము. అరకులోయ, చింతపల్లి, కొయ్యూరు అందులోనివే. ఆ అరకు ప్రాంతముననే 2018 సెప్టెంబరు 23న, శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టు వద్ద మావోయిస్టులు అటకాయించి కాల్చి చంపిరి. వారిరువురును గిరిజన ప్రతినిధులు. వారిపై ఎట్టి ఆరోపణలున్నను, చేజిక్కినవారిని చంపుట తీర్పు కాదు, హత్యయే. తుపాకి పట్టి కొండలెక్కినంత మాత్రమున రామరాజు వారసులు కాజాలరు. మూడు ఠాణాల పోలీసులను ప్రాణములతో విడిచిన సంగతి వారు మరచిరి.

అట్లే ప్రభుత్వమును మరువరాదు. "పారిపోబోగా కాల్చితిమి", "ఎదురుకాల్పులలో మరణించెను" అను మాటలు తెల్లదొరలతో ఓడ యెక్కి పోలేదు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను పత్రికలలో అచ్చగుచునే వచ్చినవి. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు, పోలీసు కాల్పులలో మరణము సంభవించిన ప్రతి సందర్భమునను కేసు నమోదు చేయవలెననియు, స్వతంత్ర దర్యాప్తును మెజిస్ట్రేటు విచారణయు జరుగవలెననియు నిర్దేశించెను. కొయ్యూరులో నూరేండ్ల క్రితము ఎవరును అడుగనీయని ప్రశ్న నేడు శాసనబద్ధమైనది. అడుగువారు లేనిచో శాసనము కాగితముననే యుండును.

అడుగవలసినవారెవరు? పఠనమందిరములలో కూర్చుండి పత్రికలు చదువు మనమే. మన్యమున ఒకడు మరణించెనన్న వార్త చదివినప్పుడు, చనిపోయినవాడు మన పక్షమువాడా, పరపక్షమువాడా యని ముందుగా చూడకుడు. చచ్చునప్పుడు అతని చేత ఆయుధమున్నదా? అతడు ఎవరి అధీనములో నుండెను? విచారణ జరిగినదా? దాని ఫలితము ప్రజలకు తెలిపిరా? ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు. జవాబు రానిచో మరల అడుగుడు, వ్రాతపూర్వకముగా అడుగుడు.

రామరాజు విగ్రహమునకు పూలదండ వేయుట సులభము, వేయవలసినదే. గైకొన్న 26 తుపాకులకు సంతకము పెట్టి లెక్క చెప్పిన మనిషి అతడు. ఒక ప్రాణమును తీసినవారినుండి అంతమాత్రపు లెక్కనైనను అడిగి రాబట్టుట మనము అతనికి తీర్చవలసిన ఋణము.