ఆలోచనల కాలువ – గట్టు మీద మనం
(విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను “మనసు – ప్రశాంతత” మీద మాట్లాడమన్నారు. నేను యోగిని కాను, వైద్యుణ్ణీ కాను. ఇరిగేషన్ శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు వచ్చిన భాష కాలువల భాష. ఆ భాషలోనే నాలుగు మాటలు చెబుతాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మన ఆలోచనలకు ఆఫీసు టైము, ఫైళ్ళు, పై అధికారి పిలుపు గట్లుగా ఉండేవి. రిటైరయ్యాక ఆ గట్లు లేవు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే చాలు. డి.ఎ. బకాయిలు, అమెరికా నుంచి రాని ఫోను, మోకాలి నొప్పి, పాతికేళ్ళ కిందట ఎవరో అన్న మాట, అన్నీ వరుస కడతాయి. ఇది మన వయసువారికే వచ్చిన జబ్బు కాదు. 2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2,250 మందిని వేళకాని వేళల్లో పలకరించి, మీ మనసు చేస్తున్న పని మీదే ఉందా అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మరెక్కడో ఉందని తేలింది. అలా తిరిగే వేళల్లో వారికి సంతోషం తక్కువగా ఉందనీ తేలింది.

దీనికి బుద్ధుడు చెప్పిన సాధన పాళీలో ‘సతి’, సంస్కృతంలో ‘స్మృతి’. ఇప్పుడు జరుగుతున్నదాన్ని ఎరుకతో గమనించడం అని అర్థం. మన ప్రాంతానికి ఇది పరాయి సరుకు కాదు. గుడివాడలోనూ, చల్లపల్లి దగ్గర ఘంటసాలలోనూ బౌద్ధ స్తూపాలున్నాయి. అలెగ్జాండర్ రే 1894లో ప్రచురించిన నివేదికలో భట్టిప్రోలుతోపాటు ఈ రెండు ఊళ్ళూ ఉన్నాయి. బర్మాలో పుట్టిన గోయెంకాగారు 1969లో మన దేశానికి వచ్చి విపశ్యన నేర్పారు. హైదరాబాదు వనస్థలిపురం దగ్గర ఆ పద్ధతి నేర్పే ధమ్మఖేత్త కేంద్రం ఉంది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఈ ఎరుకనే దీర్ఘకాలపు నొప్పులున్న రోగులకు కొన్ని వారాల శిక్షణగా నేర్పడం మొదలుపెట్టారు. బందరు రేవు నుంచి కలంకారీ బట్ట ఓడెక్కి వెళ్ళినట్టే ఇదీ మన దేశం నుంచి వెళ్ళి, కొత్త పేరుతో తిరిగి వచ్చింది.

ఇక పద్ధతి. లాకుల దగ్గర మన లస్కర్లను చూసే ఉంటారు. కాలువలో నీళ్ళొస్తే ఎందుకొచ్చావని తగువు పెట్టుకోరు. అలాగని అందులోకి దూకరు. గట్టు మీద నిలబడి గేజి చూసి, పుస్తకంలో రాసుకుంటారు. మనమూ అంతే చేయాలి. కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. ముక్కు దగ్గర ఊపిరి వచ్చిపోవడం గమనించండి. రెండు ఊపిరులు కాకముందే ఆలోచన వస్తుంది, రానివ్వండి. దానికి ఒక్క మాట పేరు పెట్టండి: ‘లెక్క’, ‘దిగులు’, ‘పాత తగువు’. గేజి పుస్తకంలో రాసినట్టు అంతవరకే. మళ్ళీ ఊపిరి దగ్గరకు రండి. వందసార్లు మనసు పోతే వందసార్లు వెనక్కి రావడమే అభ్యాసం. రోజుకు పది నిమిషాలు చాలు. కరెంటు బిల్లులాంటి నిజమైన పని గుర్తొస్తే కాగితం మీద రాసి పెట్టుకోండి, పగలు చూసుకోవచ్చు.

“అయితే ఆలోచనలు ఆపమంటారా?” అని మిత్రులు అడుగుతుంటారు. ఆపమనడం లేదు. పారే కాలువకు అడ్డంగా మట్టి పోస్తే ఏమవుతుందో మన జిల్లా రైతుకు చెప్పనక్కరలేదు, మరోచోట గండి పడుతుంది.

దివిసీమ మిత్రుల ముందు ఈ విషయం కాస్త జాగ్రత్తగా చెప్పాలి. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలాదిమంది పోయారు. ఆ రాత్రి బతికి బయటపడినవారిలో ఈనాటికీ కొబ్బరి మట్టలు గలగలలాడితే నిద్ర పట్టనివారున్నారు. అలాంటివారు కళ్ళు మూసుకుని కూర్చుంటే ఆ రాత్రే ఎదురుగా వచ్చి నిలబడవచ్చు. వారు కళ్ళు తెరిచే ఉండాలి. పాదాల కింద నేల, చేతిలో మంచినీళ్ళ గ్లాసు చల్లదనం, ఎదుట కనిపించే గోడ, గడియారం, వీటి మీద దృష్టి పెట్టాలి. పక్కన మనిషి ఉంటే మరీ మంచిది. బాధ పెరిగితే వెంటనే ఆపి డాక్టరుగారిని కలవాలి. వారాల తరబడి నిద్రలేకపోయినా, బతుకు మీద ఆశ సన్నగిల్లినా అంతే. అందులో నామోషీ లేదు, బి.పి.కి మందు వేసుకోవడం లేదా?

నాగాయలంక వైపు మిత్రుడొకరు ఆ ఉప్పెనలో తల్లిని, చెల్లెలిని పోగొట్టుకున్నారు. గాలి రాత్రుల్లో ఆయన లేచి కూర్చుని, నేల మీద చెయ్యి ఆనించి, “ఇది ఈ ఏటి గాలి” అని తనకు తాను చెప్పుకుంటారు. దుఃఖం పోలేదని ఆయనే అంటారు. కాని తెల్లవారేదాకా కూర్చునే మనిషి ఇప్పుడు గంటకల్లా పడుకోగలుగుతున్నారు. నిజంగా తుపాను హెచ్చరిక వస్తే మాత్రం ఆయన అందరికంటే ముందే ఇంటిల్లిపాదినీ షెల్టరుకు చేరుస్తారు. మనసులో లేచే గాలికీ బయట వీచే గాలికీ తేడా తెలుసుకోవడం కూడా ఈ ఎరుకలో భాగమే.

రేపటినుంచే పొద్దున పేపరు తెరవకముందు పది నిమిషాలు కూర్చుని చూడండి. ఇంట్లో ఆడవారికి కూడా ఆ పది నిమిషాలు దొరికేలా, ఆ పూట కాఫీ మనం పెడదాం. వచ్చే సమావేశంలో ఎవరికి ఎలా ఉందో చెప్పుకుందాం.