కొండను చూచుట



కొండకు ఎన్నిసార్లు వెళ్ళి వచ్చినారని అడిగినచో మనలో ప్రతివారును లెక్క చెప్పగలరు. ఆ కొండను ఎన్నిసార్లు చూచినారని అడిగినచో మేమును తడబడినవారమే. శేషాద్రి ఆదిశేషుని రూపమని నమ్మి మోకాళ్ళపర్వతమును మోకాళ్ళతో ఎక్కుచున్నాము. ఆ శేషుని దేహమెట్టిదో ఎరుగము. ఈ కొరత పిల్లలకైనను ఉండరాదని మా ఆదివారపు తరగతి బాలబాలికలను తిరుమలకు తీసుకొని వెళ్ళినాము.

బయలుదేరుటకు ముందే చిక్కు వచ్చినది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారి చిరుతపులి వాత పడినది. "అడవిని చూపుటకు నా బిడ్డనే తీసుకొని పోవలెనా?" అని ఒక తల్లి అడిగినది. ఆమె భయమును తప్పుపట్టు అధికారము మాకు లేదు. నడక మాని పగటివేళ బస్సులో పోవుటకు నిశ్చయించినాము. ఆమెయు మాతో వచ్చినది.

ఘాట్ రోడ్డులో సైన్సు మాస్టరుగారు కిటికీ నుండి రాతిగోడను చూపినారు. క్రింద గ్రానైటు, దానిపై పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. ఆ రెండింటి వయస్సుల నడుమ వ్యత్యాసము సుమారు 80 కోట్ల సంవత్సరములట. మన్వంతరమునకు 30 కోట్ల 67 లక్షల 20 వేల ఏండ్లని మనము చదువుకొన్నదే. రెండు మన్వంతరములకు మించిన కాలము ఒక్క గీతగా కనబడుచున్నది! మేము ఎన్ని వందలసార్లు ఆ గీత ప్రక్కగా కునుకు తీయుచు పోయినామో. "ఆ కాలమంతా ఎక్కడికి పోయింది సార్?" అని ఒక బాలుడడిగినాడు. "అప్పటి రాతిని వానలు కడిగివేసినవి నాయనా" అన్నారు మాస్టరుగారు.

శిలాతోరణము వద్ద పిల్లలు చాలసేపు నిలిచిపోయినారు. 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల ఆ తోరణమును ఏ శిల్పియు చెక్కలేదు, గాలియు నీరును తొలిచినవి. ఇట్టి రాతి నెఱ్ఱెలలోనే బంగారు బల్లి నివసించును. 1870లో బెడ్డోమ్ అను ఆంగ్లేయుడు దానిని శాస్త్రలోకమునకు తెలిపినాడు. కంచి వరదరాజస్వామి ఆలయములో బంగారు బల్లిని తాకి వచ్చిన మనము, మన స్వామి కొండపై సజీవముగానున్న దానిని వినియైన ఎరుగము.

అచ్చటనే మాకు సిగ్గు కలిగిన సంగతి జరిగినది. మా పెద్దలలో ఒకరు పులిహోర తిని, మిగిలిన మెతుకులతో సహా పొట్లమును పొదలోనికి విసరినారు. ఎంగిలికి కుక్కలు, అడవిపందులు చేరుననియు, వాటికొరకు చిరుత వచ్చుననియు మాస్టరుగారు అంతకు ముందే చెప్పియున్నారు. ఒక బాలిక పోయి దానిని తీసుకొని వచ్చి, మారుమాటాడక తన సంచిలో పెట్టుకొన్నది. విసరినవారు తల వంచుకొన్నారు. భయపడిన ఆ తల్లి చుట్టును చూచి, మరి రెండు పొట్లములు ఏరినది.

దిగుదారిలో, మొసలి చర్మమువలె పగిలిన బెరడుగల ఎర్రచందనమును పిల్లలే గుర్తుపట్టినారు. ఈ దక్షిణపు తూర్పు కనుమలలో తప్ప లోకమున మరెక్కడను సహజముగా పెరుగని వృక్షమది. దొంగల గొడ్డలి దానినే వెదకుచున్నది.

వచ్చే నెల తలకోనకు పోదలచినాము. ఉదయము 6 గంటలకే బయలుదేరుదుము. తల్లిదండ్రులు భోజనమును మూతగల డబ్బాలలోనే పంపవలెను. పెద్దలు కూడ తమ డబ్బాను తామే తెచ్చుకొనవలెను.